ఆ రాత్రి అంకె తుది అంకె కాదు: కెనడా ప్రావిన్స్ ఎన్నికలపై అపోహలు - వాస్తవాలు

2024 అక్టోబర్ 19, శనివారం. బ్రిటిష్ కొలంబియా దక్షిణ తీరమంతా కుండపోత వాన. పోలింగ్ కేంద్రానికి వచ్చినవాళ్లు గొడుగులు గుమ్మం దగ్గర వదిలి, తడి చేతులు తుడుచుకుని బ్యాలెట్ అందుకున్నారు. రాత్రి ఎనిమిదికి తలుపులు మూశాం. పని ముగించుకుని ఇంటికి చేరి ఫోను తెరిస్తే గుంటూరు నుంచి బాబాయి, టొరంటో నుంచి స్నేహితుడు, సర్రేలోనే ఉన్న మా తెలుగు సంఘం పెద్దాయన అందరూ ఒకటే అడిగారు: ఎవరు గెలిచారు? జవాబు నా దగ్గర లేదు. తొమ్మిది రోజుల దాకా అది ఎవరి దగ్గరా లేదు.

2017 నుంచి ఇక్కడ జరిగిన ప్రతి ప్రావిన్స్ ఎన్నికలోనూ పోలింగ్ సిబ్బందిగా పనిచేశాను. ఆ తొమ్మిది రోజుల్లో మనవాళ్ల మధ్య తిరిగిన మాటలు విని బాధపడ్డాను. చదువుకున్నవాళ్లు, లెక్కలు బాగా తెలిసినవాళ్లు కూడా "ఏదో జరుగుతోంది" అన్నారు. అలాంటి మాటలకు నాకు తెలిసినంతలో జవాబు చెప్పాలన్నదే ఈ ప్రయత్నం.

అపోహ: ఎన్నిక రాత్రి చెప్పిందే ఫలితం. తర్వాత కలిసే ఓట్లు అనుమానించదగినవి.

నాతో ఎక్కువగా వాదించింది దీని మీదే. అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

ఆ రాత్రి లెక్క ఇది: 93 స్థానాల్లో ఎన్డీపీ(న్యూ డెమొక్రటిక్ పార్టీ)కి 46, కన్సర్వేటివ్ పార్టీకి 45, గ్రీన్ పార్టీకి 2. మెజారిటీకి 47 కావాలి. సర్రే-గిల్డ్‌ఫర్డ్ నియోజకవర్గంలో కన్సర్వేటివ్ అభ్యర్థి 103 ఓట్ల ఆధిక్యంలో ఉన్నారు. అక్టోబర్ 26 నుంచి 28 వరకు మిగిలిన ఓట్లు లెక్కించారు. ఆ పని ముగిసేసరికి ఎన్డీపీ అభ్యర్థి గ్యారీ బెగ్ 27 ఓట్ల ఆధిక్యంలోకి వచ్చారు. న్యాయస్థానం ద్వారా జరిగిన రీకౌంటింగ్ తర్వాత, నవంబర్ 8న, ఆ తేడా 22గా తేలింది. ఆ ఒక్క స్థానంతో ఎన్డీపీ 47కు చేరింది, కన్సర్వేటివ్ పార్టీ 44 దగ్గర ఆగింది.

"ఆ ఓట్లు ఎక్కడి నుంచి పుట్టుకొచ్చాయి?" అని అడిగారు. అవి అప్పటికే వేసిన ఓట్లు. పోలింగ్ గడువు లోపల పోస్టులో అందినవి, సొంత నియోజకవర్గానికి దూరంగా ప్రత్యేక పద్ధతుల్లో వేసినవి కలిపి ప్రావిన్స్ మొత్తం మీద దాదాపు 66 వేలు. పోస్టు బ్యాలెట్‌కు పై కవరు, లోపలి కవరు వేర్వేరుగా ఉంటాయి. పై కవరు మీద ఓటరు వివరాలు, సంతకం ఉంటాయి. ఈ మనిషి జాబితాలో ఉన్నారా, మరో చోట కూడా ఓటు వేశారా అన్నది ముందు చూస్తారు. అది తేలాకే పై కవరు తీసి, పేరులేని లోపలి కవరును మిగతావాటిలో కలుపుతారు. అప్పుడు గానీ బ్యాలెట్ బయటికి రాదు. ఒక్కరు రెండుసార్లు వేయకుండా కాపాడే పని అది. దానికి వ్యవధి కావాలి. తుది లెక్కింపు తేదీలు కూడా అప్పటికప్పుడు అనుకున్నవి కావు, ముందే ప్రకటించినవి. పార్టీల ప్రతినిధులు పక్కన నిలబడి చూస్తూనే ఉంటారు.

2017లోనూ ఇలాగే జరిగింది. కోర్టెనే-కోమాక్స్‌లో మే 9 రాత్రి ఎన్డీపీ ఆధిక్యం కేవలం 9 ఓట్లు. ఆ స్థానం చేయి జారి ఉంటే అప్పటి ప్రీమియర్ (మన ముఖ్యమంత్రి లాంటి పదవి) క్రిస్టీ క్లార్క్ లిబరల్స్‌కు 87లో 44 వచ్చి, మెజారిటీ దక్కేది. మిగిలిన ఓట్లు లెక్కించాక ఆ తేడా 189కి పెరిగింది. రెండు వారాలు ప్రావిన్స్ అంతా ఒక చిన్న పట్టణం వైపు చూస్తూ కూర్చుంది.

అదే 2024లో ఆంధ్రప్రదేశ్‌లో మే 13న పోలింగ్ జరిగితే జూన్ 4న లెక్కించారు. మనం మూడు వారాలకు పైగా ఓపికగా ఎదురుచూశాం. ఆ నిరీక్షణ మనకు అలవాటైనదే. ఇక్కడ మాత్రం అదే రాత్రి టీవీలో అంకెలు కదులుతుంటాయి కాబట్టి, కథ ముగిసిందనిపిస్తుంది. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, సగం లెక్కకే ప్రభుత్వాలు ఏర్పాటు చేసేస్తాం. స్వల్ప తేడాలు మనకు కొత్తవీ కావు. 2019లో విజయవాడ సెంట్రల్ ఫలితం తేలింది 25 ఓట్లతో.

అపోహ: యంత్రాలు లెక్కించాయి కాబట్టి నమ్మలేం.

బ్రిటిష్ కొలంబియా సాధారణ ఎన్నికల్లో ఓట్లు లెక్కించే యంత్రాలు 2024లోనే మొదటిసారి విస్తృతంగా వాడారు. ఇవి మన ఈవీఎంల వంటివి కావు. బటన్ ఉండదు. ఓటరు కాగితం మీదే గుర్తు పెడతారు, ఆ కాగితం యంత్రంలోంచి కింది పెట్టెలోకి జారుతుంది. యంత్రం చదివేది కాగితాన్నే. ఆ కాగితం పోదు, తిరిగి లెక్కించాలంటే పెట్టె తెరిస్తే చాలు. హువాన్ డి ఫూకా-మలహట్, సర్రే సిటీ సెంటర్ స్థానాల్లో అలాగే తెరిచి చేత్తో లెక్కించారు. గెలిచినవాళ్లు మారలేదు.

పొరపాట్లు అసలే జరగలేదని మాత్రం అనను. ప్రిన్స్ జార్జ్-మెకెంజీలో 861 ఓట్లున్న ఒక పెట్టె లెక్కలోకి రాలేదని ఆ తర్వాత బయటపడింది. ఆ స్థానం ఫలితం దానివల్ల మారలేదు. అయినా 861 మంది ఓట్లు లెక్కకు రాకపోవడం చిన్న విషయం కాదు. ఈ పని చేసేవాడిగా అది నన్ను చాలా రోజులు కలచివేసింది. కానీ ఆ తప్పును కనిపెట్టి బహిరంగంగా ప్రకటించింది ఎన్నికల యంత్రాంగమే. తప్పు జరగడం వేరు, దాచడం వేరు. ఈ రెంటినీ కలిపేసి మాట్లాడేవాళ్లతో నేను ఏకీభవించలేను.

అపోహ: ఎక్కువ సీట్లు వచ్చిన పార్టీదే ప్రభుత్వం.

2017 ఫలితం మళ్లీ చూడండి. లిబరల్స్ 43, ఎన్డీపీ 41, గ్రీన్ 3. ఎక్కువ సీట్లు లిబరల్స్‌వే. పదవిలో ఉన్న ప్రీమియర్ కాబట్టి క్లార్క్ ముందుగా సభను ఎదుర్కొన్నారు. ఆ హక్కు ఆమెకు ఉంది. ఈలోగా ఎన్డీపీ, గ్రీన్ ఒప్పందం కుదుర్చుకున్నాయి. జూన్ 29న విశ్వాస పరీక్షలో ఆమె ప్రభుత్వం 44-42తో ఓడింది. సభను రద్దు చేసి మళ్లీ ఎన్నికలు పెట్టమని ఆమె కోరితే, లెఫ్టినెంట్ గవర్నర్ జుడిత్ గిషాన్ అందుకు ఒప్పుకోలేదు. ఎన్డీపీ నాయకుడు జాన్ హోర్గన్‌ను పిలిచారు. జూలై 18న ఆయన ప్రమాణం చేశారు. రెండో స్థానంలో ఉన్న పార్టీ మూడేళ్లకు పైగా పాలించింది. మరుసటి సంవత్సరం న్యూ బ్రన్స్‌విక్‌లో 21 సీట్లున్న లిబరల్ ప్రీమియర్ బ్రయన్ గాలంట్ కూడా ఇలాగే సభకు వెళ్లి ఓడిపోయారు, 22 సీట్లున్న బ్లేన్ హిగ్స్ వచ్చారు.

ఓటరు ఎన్నుకునేది సభను. ప్రభుత్వం ఆ సభ నమ్మకం మీద నిలుస్తుంది. మన శాసనసభల్లో బలనిరూపణ అంటామే, ఇదీ అదే. బెంగళూరులోనో, ముంబైలోనో చూసినప్పుడు మనకు వెంటనే అర్థమయ్యే విషయం ఈ ప్రావిన్స్ రాజధాని విక్టోరియాకు వచ్చేసరికి ఎందుకు మరిచిపోతామో నాకు తెలియదు.

2024 మెజారిటీ ఎంత సన్ననిదో కూడా ఇక్కడే చెప్పాలి. 47లోంచి ఒకరు స్పీకర్ కుర్చీలో కూర్చుంటే, సభలో అటు 46, ఇటు 46. స్పీకర్ రాజ్ చౌహాన్ ఓటే తూకం. అందుకే ఆ డిసెంబర్‌లో ఎన్డీపీ ఇద్దరు సభ్యులున్న గ్రీన్ పార్టీతో ఒప్పందం చేసుకుంది.

అపోహ: నేను ప్రీమియర్‌కు ఓటు వేశాను.

"ఈబీ పేరు లేదేమిటి?" అని బ్యాలెట్ చూసి అడిగినవాళ్లు ఉన్నారు. అప్పుడు ప్రీమియర్‌గా ఉన్న డేవిడ్ ఈబీ పేరు వాంకూవర్-పాయింట్ గ్రే బ్యాలెట్ మీదే ఉంది. అప్పటి కన్సర్వేటివ్ నాయకుడు జాన్ రస్టాడ్ పేరు ఉత్తరాన నెచాకో లేక్స్‌లో. మీ బ్యాలెట్ మీద ఉండేది మీ నియోజకవర్గం అభ్యర్థులు మాత్రమే.

ఈ పాయింట్ గ్రేకు ఒక చరిత్ర ఉంది. 2013లో క్రిస్టీ క్లార్క్ పార్టీ మెజారిటీ గెలిచింది, ఆమె మాత్రం సొంత స్థానంలో ఓడిపోయారు. ఓడించిన యువ న్యాయవాది పేరు డేవిడ్ ఈబీ. ఆమె కెలోనా వైపు ఉపఎన్నికలో గెలిచి ప్రీమియర్‌గా కొనసాగారు. తొమ్మిదేళ్లకు, 2022 నవంబర్‌లో, హోర్గన్ తప్పుకున్నాక పార్టీ నాయకుడిగా ఈబీ ప్రీమియర్ అయ్యారు. అప్పుడు సాధారణ ఎన్నికలేమీ జరగలేదు.

అపోహ: ఓట్ల శాతం ఎంతో సీట్లూ అంతే.

1996లో ఇక్కడ లిబరల్స్‌కు దాదాపు 42 శాతం ఓట్లు, ఎన్డీపీకి 39కి పైగా. సీట్లు చూస్తే ఎన్డీపీ 39, లిబరల్స్ 33. 2022 ఒంటారియోలో లిబరల్స్, ఎన్డీపీ ఇద్దరికీ ఇంచుమించు 24 శాతమే వచ్చింది. సీట్లు మాత్రం లిబరల్స్‌కు 8, ఎన్డీపీకి 31. 1987లో న్యూ బ్రన్స్‌విక్‌లో ఫ్రాంక్ మెకెన్నా పార్టీ 58కి 58 గెలిచింది, సభలో ప్రతిపక్షమే లేకుండా పోయింది. ఓటర్లు అంతటా పలచగా పరుచుకున్నారా, కొన్నిచోట్ల గుమిగూడారా అన్నదే తేడా.

అపోహ: ఢిల్లీలో ఏ పార్టీయో ఇక్కడా అదే అన్నట్టు, ఒటావా (కేంద్ర రాజధాని) పార్టీ, ప్రావిన్స్ పార్టీ ఒకటే.

పేరు చూసి మోసపోవద్దు. బ్రిటిష్ కొలంబియా లిబరల్ పార్టీకి ఒటావాలో అప్పటి ప్రధాని ట్రూడో లిబరల్స్‌తో సంబంధం ఉండేది కాదు. అది ఇక్కడి మితవాదుల, వ్యాపారవర్గాల కూటమి. ఆ అయోమయం తప్పించడానికే 2023లో బీసీ యునైటెడ్ (బీసీ అంటే బ్రిటిష్ కొలంబియా) అని పేరు మార్చుకున్నారు. కొత్త పేరు జనం నోట పడలేదు. 2024 ఆగస్టు 28న, ఎన్నికలకు రెండు నెలలు కూడా లేనప్పుడు, నాయకుడు కెవిన్ ఫాల్కన్ ప్రచారం నిలిపివేసి పార్టీని పోటీ నుంచి తప్పించారు. పదహారేళ్లు పాలించిన పార్టీ అలా ముగిసింది. 2020లో 2 శాతం ఓట్లు కూడా రాని కన్సర్వేటివ్ పార్టీ నాలుగేళ్లలో 43 శాతం దాటింది. ఈ కన్సర్వేటివ్ పార్టీ కూడా ఒటావా పార్టీకి శాఖ కాదు. ఇక్కడి పార్టీల్లో ఎన్డీపీ ఒక్కటే సాధారణంగా రెండు స్థాయిల్లోనూ ఒకే కుటుంబంగా నడిచింది.

అపోహ: ప్రావిన్స్ ఎన్నికలు మనకు పెద్దగా పట్టవు.

ఇది విన్నప్పుడల్లా నాకు నిజంగా కోపం వస్తుంది. పిల్లల బడి, ఆసుపత్రి ఎమర్జెన్సీ వార్డు, ఫ్యామిలీ డాక్టర్ దొరకకపోవడం, అద్దె పెంపు మీద పరిమితి, ఇవన్నీ ప్రావిన్స్ చేతిలోనివి. ఈ ప్రావిన్స్‌లో కారుకు ప్రాథమిక బీమా కూడా ప్రభుత్వ సంస్థే ఇస్తుంది. కాకినాడలోనో, వరంగల్‌లోనో ఇంజినీరింగ్ చదివి ఇక్కడికి వచ్చినవాళ్లను "కెనడా అనుభవం ఉందా?" అని అడిగి వెనక్కి పంపిన కథలు మన ప్రతి ఇంట్లో ఉన్నాయి. అలాంటి అన్యాయమైన షరతులను 29 వృత్తుల్లో అడ్డుకునే చట్టాన్ని 2023లో చేసింది విక్టోరియా సభ. అది 2024 జూలై 1న అమల్లోకి వచ్చింది. ప్రావిన్స్ నామినేషన్ మీద శాశ్వత నివాసం పొందినవాళ్లు మనలో ఎంతమంది ఉన్నారో వేరే చెప్పక్కర్లేదు.

మనవాళ్లకు అక్కడ చోటు లేదనడం కూడా సరికాదు. 2015లో ఆల్బెర్టాలో ఓడిన ప్రీమియర్ జిమ్ ప్రెంటిస్ ఎన్నిక రాత్రే తన స్థానం వదులుకుంటే, కాల్గరీ-ఫుట్‌హిల్స్‌లో ఉపఎన్నిక వచ్చింది. దాన్ని గెలిచింది ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఇంజినీరు ప్రసాద్ పండా. 2019లో ఆయన ఆ ప్రావిన్స్‌కు మౌలిక సదుపాయాల మంత్రి అయ్యారు.

అపోహ: పీఆర్ (శాశ్వత నివాసం) ఉంటే ఓటు ఉంటుంది. జాబితాలో పేరు లేకపోతే ఇక ఓటు లేదు.

ఈ రెండూ తప్పే, పైగా ఒకదానికొకటి వ్యతిరేక దిశల్లో. శాశ్వత నివాసులు బ్రిటిష్ కొలంబియాలో పార్టీలకు విరాళం ఇవ్వవచ్చు, ఓటు మాత్రం వేయలేరు. ఓటుకు కెనడా పౌరసత్వం, 18 ఏళ్ల వయసు, ప్రావిన్స్‌లో ఆరు నెలల నివాసం ఉండాలి. ఈ మూడూ ఉన్నవాళ్లు జాబితాలో పేరు లేకపోయినా వెనక్కి తిరగాల్సిన పని లేదు. గుర్తింపు పత్రంతో పోలింగ్ కేంద్రానికి వస్తే అక్కడికక్కడే నమోదు చేస్తాం. పత్రాలు సరిపోకపోతే భార్య, భర్త, కన్నవాళ్లు, లేదా అదే నియోజకవర్గంలోని మరో ఓటరు హామీ ఇవ్వవచ్చు.

ఆ వాన రోజు మూసేముందు ఒక పెద్దావిడ కూతురి చేయి పట్టుకుని వచ్చారు. జాబితాలో పేరు లేదు. పౌరసత్వం వచ్చి నాలుగు నెలలే అయిందట. ఓటు లేదని ఎవరో చెబితే మధ్యాహ్నమంతా ఇంట్లోనే ఉండిపోయారు. నమోదు చేసి బ్యాలెట్ చేతికిచ్చాను. అది యంత్రంలోకి జారాక, "నా వేలికి చుక్క పెట్టరా బాబూ?" అని అడిగారు. ఇక్కడ సిరా పెట్టరమ్మా అని చెప్పాను.

గడువు ప్రకారం తర్వాతి ప్రావిన్స్ ఎన్నికలు 2028 అక్టోబర్ 21న. అందులో ఓటు వేయాలంటే ఆ ఏడాది ఏప్రిల్ నాటికే ఇక్కడ నివాసం ఉండాలి. సభలో తూకం తప్పితే ఎన్నికలు అంతకన్నా ముందే రావచ్చు. చిరునామా మారినవాళ్లు ఓటరు నమోదును ఇప్పుడే సరిచూసుకోండి.