మల్లెదండ, కత్తెర, రక్తం గ్రూపు

బెంగళూరు బసవనగుడిలో మా పక్కింటి పిన్నిగారిది హిందూపురం. చాలా ఏళ్ళుగా రుమటాయిడ్ ఆర్థరైటిస్‌తో, అంటే కీళ్ళు వాచి నొప్పెట్టే జబ్బుతో, అవస్థ పడుతున్నారు. మొన్న గాంధీబజార్‌లో మల్లెపూలు కొంటూ అడిగారు: "నాది బి పాజిటివ్. ఓ గ్రూపు వాళ్ళకి గుండెపోటు తక్కువ వస్తుందంట గదా. మరి నా సంగతేమమ్మా?" అప్పటికి ఏదో చెప్పాను గానీ, జవాబు ఆ పూలబుట్టలోనే ఉందని ఇంటికొచ్చాక తట్టింది.

బళ్ళో రక్తం గ్రూపులంటే ఎవరు ఎవరికి రక్తం ఇవ్వచ్చో ఒక పట్టిక బట్టీ పట్టించి ఆపేస్తారు. నాకదే బాధ. ఏ, బి అనేవి చక్కెర గొలుసు చివర తగిలించిన ఒక్క చక్కెరలోని తేడా. ఏ వాళ్ళకి ఎన్-అసిటైల్‌గెలాక్టోజమీన్, బి వాళ్ళకి గెలాక్టోజ్. ఓ వాళ్ళకి ఆ తగిలించే ఎంజైమే పనిచేయదు. ఈ చక్కెరలు ఎర్రకణాల మీదే కాదు, వాన్ విల్లిబ్రాండ్ ఫ్యాక్టర్ అనే ప్రొటీన్ మీద కూడా ఉంటాయి.

ఆ ప్రొటీన్ అచ్చం మల్లెదండ. ఒక్కో పువ్వులో 2,050 అమైనో ఆమ్లాలు. అలాంటి పూలు పదుల కొద్దీ వరసగా ముడిపడి ఉంటాయి. పూలావిడ తడిగుడ్డ కింద దండను ఉండచుట్టి పెట్టుకున్నట్టే, రక్తనాళం లోపలి పొర కణాలు దాన్ని వీబెల్-పలాడి బాడీలనే సంచుల్లో చుట్టి దాచుకుంటాయి. నాళానికి గాయమైతే దండ బయటికి జారుతుంది. పారే రక్తం దాన్ని లాగి సాగదీస్తుంది, రక్తాన్ని గడ్డకట్టించే చిన్న కణాలు, ప్లేట్‌లెట్లు, వచ్చి అతుక్కుంటాయి, రక్తం ఆగుతుంది. దండ ఎంత పొడుగైతే అంత జిగురు. మరీ పొడుగైతే అక్కర్లేని చోట గడ్డ కడుతుంది. అందుకే మూర వేసి కత్తిరించే ఎంజైమ్ ఒకటుంది, అడామ్‌టీఎస్13. దండ సాగినప్పుడే లోపలి దారం బయటపడుతుంది, అప్పుడే కత్తెర పడుతుంది. అదీ ఒకే చోట: 1605వ స్థానంలోని టైరోసిన్, 1606వ స్థానంలోని మెథియోనిన్ అనే అమైనో ఆమ్లాల మధ్య.

ఏ, బి చక్కెరలు దండలో ఒత్తుగా కట్టిన మరువం లాంటివి, కత్తెరను సరిగా ఆడనివ్వవు. ఓ దండ త్వరగా తెగుతుంది, రక్తంలోంచి త్వరగా తొలగిపోతుంది కూడా. 1987లో అమెరికాలో 1,117 మంది రక్తదాతల్లో కొలిస్తే ఈ ప్రొటీన్ సగటు ఓ వాళ్ళలో 75, ఏ లో 106, బి లో 117, ఏబీలో 123 యూనిట్లుగా తేలింది. ఎంత తేడానో చూడండి! కాలి సిరల్లో గడ్డకట్టే ముప్పు ఓ కాని వాళ్ళకి దాదాపు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు. గుండెపోటు విషయంలో మాత్రం తేడా చాలా చిన్నది.



ఇక పిన్నిగారి జబ్బు. కీళ్ళలో రగిలే వాపు కీళ్ళ దగ్గరే ఉండిపోదు. టీఎన్ఎఫ్ అనే రసాయనం నాళాల్లోని సంచులను విప్పేసి దండలను బయటికి వదిలిస్తుంది. ఇంటర్‌ల్యూకిన్-6 అనే ఇంకో రసాయనం కత్తెరకు అడ్డుపడుతుంది. ఈ జబ్బులో రెండూ ఎక్కువే. దండలు గుట్టగా వచ్చిపడుతుంటే కత్తెర ఆడడం లేదన్నమాట. రుమటాయిడ్ ఉన్నవాళ్ళకి గుండెజబ్బు ముప్పు మామూలు వాళ్ళకన్నా సుమారు ఒకటిన్నర రెట్లు ఉండడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. బి గ్రూపు మరువం చేసేదానికన్నా ఈ వాపు చేసేది ఎక్కువ.

సాయంత్రం వెళ్ళి ఇదంతా చెప్పాను. ఆవిడ కాసేపు ఊరుకుని, "నొప్పి తగ్గింది గదా అని వారం వారం వేసుకునే మెథోట్రెక్సేట్ నెల నుంచి మానేసినానమ్మా" అన్నారు. నాకు గుండె ఝల్లుమంది. గ్రూపు ఎవరూ మార్చలేరు పిన్నీ, వాపును తగ్గించేది ఆ మాత్రే అన్నాను. సోమవారం డాక్టర్ దగ్గరికి ఇద్దరం కలిసి వెళ్తున్నాం. ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే సీఆర్‌పీ రక్తపరీక్షతో పాటు బీపీ, కొలెస్ట్రాల్ కూడా చూడమని అడగాలని చీటీ మీద రాసి ఆవిడ పర్సులో పెట్టాను.