కరోనాలో పార్కులు: జనం అన్నవి, నేను గేటు దగ్గర చూసినవి

హైదరాబాద్‌లో కాలనీ పార్కులు, అపార్ట్‌మెంట్ల తోటలు చూసుకోవడం నా పని. పదహారేళ్లుగా ఇదే. 2020 మార్చి 22న జనతా కర్ఫ్యూకి గేటుకు తాళం వేసినప్పుడు ఆ ఒక్క రోజుకేలే అనుకున్నాం. ఆ తాళం వానాకాలం వెళ్లేదాకా తీయలేదు. ఆ రోజుల గురించి ఇప్పటికీ రకరకాల మాటలు వింటుంటాను. కొన్నిటికి ఇక్కడ జవాబు చెబుతాను.

అపోహ: పార్కు మూసేస్తే జనం ఇంట్లోనే ఉంటారు.

షుగరున్న పెద్దాయన్ని డాక్టరు రోజూ నడవమన్నాడు. పార్కుకు తాళం పడిందని ఆయన నడక మానేస్తాడా? మా పార్కు లోపల మంచి వెడల్పున్న ట్రాకు, చెట్ల నీడ ఉన్నాయి. తాళం పడ్డాక వాకర్లంతా కాంపౌండు గోడ వెంట, బయటి రోడ్డు మీద తిరగడం మొదలుపెట్టారు. ఆ రోడ్డు మీదే కూరగాయల బళ్లు, పాల బళ్లు. లోపల ఎకరాలకు ఎకరాలు ఖాళీ, బయట భుజం భుజం రాసుకుంటూ నడక. మిగతావాళ్లు డాబా ఎక్కారు. అంతకుముందు నీళ్ల ట్యాంకు చూడ్డానికి తప్ప ఎవరూ ఎక్కని డాబాల మీద వాకింగులు, బ్యాడ్మింటన్లు, గాలిపటాలు. డాబా తాళంచెవి ఎవరి దగ్గరుండాలి అన్నదాని మీద ఒక అపార్ట్‌మెంటులో పంచాయితీ కూడా నడిచింది.

టైము తగ్గించినా ఇదే గోల. 2021 మేలో తెలంగాణలో మళ్లీ లాక్‌డౌన్ పెట్టినప్పుడు మొదట్లో పొద్దున ఆరు నుంచి పది దాకానే సడలింపు. కూరలు, మందులు, బ్యాంకు, నడక అన్నీ ఆ నాలుగు గంటల్లోనే. రోజంతా పలచగా తిరిగే జనం ఒక్కసారే రోడ్డు మీదికొచ్చారు.

మేమూ తప్పు చేశాం. మళ్లీ తెరిచిన కొత్తలో రెండు గేట్లలో ఒకటి మూసేసి, రెండో దాని దగ్గర టెంపరేచర్ గన్నుతో వాచ్‌మన్‌ని నిలబెట్టాం. మొదటి వారమంతా పార్కులో గుంపంటూ కనిపించింది ఆ గేటు దగ్గరే. లోపలికి వెళ్లాక ఎవరి దారి వాళ్లది. రెండో గేటు కూడా తీసి, తెరిచే టైము గంట ముందుకు జరిపాక ఆ లైను దానంతటదే పోయింది. పార్కులో రద్దీ ఎంత అని నన్నెవరైనా అడిగితే, ముందు గేట్లెన్ని, ఎన్ని గంటలు తెరుస్తారు అని అడుగుతాను. విస్తీర్ణం ఆ తర్వాత.

అపోహ: బయటి గాలిలోనే ఎక్కువ అంటుకుంటుంది.

చైనాలో 2020 మొదట్లో ఒక్కో చోట ముగ్గురికి, అంతకుమించి సోకిన 318 సందర్భాలను పరిశీలిస్తే అన్నీ నాలుగు గోడల మధ్య జరిగినవే. వేలాది కేసులు వెతికితే ఆరుబయట అంటుకున్నది ఒక్కచోటే, అదీ ఇద్దరికి. హెనాన్ రాష్ట్రంలో ఒకతను వూహాన్ నుంచి వచ్చిన మనిషితో బయట నిలబడి మాట్లాడాడు. సంగతంతా ఆ మాట్లాడటంలో ఉంది. పక్కనుంచి నడిచి వెళ్లిపోయేవాళ్లతో కాదు, బెంచీ మీద ముఖంలో ముఖం పెట్టి గంటసేపు రాజకీయాలు మాట్లాడేవాళ్లతో నాకు టెన్షన్. అందరికంటే కష్టమైంది లాఫింగ్ క్లబ్బు. పదిహేను మంది పెద్దవాళ్లు గుండ్రంగా నిలబడి, పొట్ట పట్టుకుని బిగ్గరగా నవ్వుతారు. వాళ్ల దగ్గరకెళ్లి "సార్, కొన్నాళ్లు నవ్వకండి" అని చెప్పాల్సి వచ్చింది. ఉద్యోగంలో ఇంతకంటే దరిద్రమైన మాట నేనెప్పుడూ అనలేదు.

అపోహ: రోజూ క్రిమిసంహారక మందు చల్లితే పార్కు సేఫ్.

ఈ హైపోక్లోరైటు (బ్లీచింగు మందు) పిచ్చి మనకొక్కళ్లకే కాదు. స్పెయిన్‌లో సహారా దె లోస్ అతూనెస్ అనే ఊళ్లో 2020 ఏప్రిల్‌లో ఏకంగా సముద్రపు ఒడ్డు మీదే ట్రాక్టర్లతో బ్లీచింగు కొట్టారు. ఇసకలో పక్షుల గుడ్లు, పురుగులు నాశనమయ్యాయని పర్యావరణం వాళ్లు మొత్తుకున్నారు. వీధుల్లో, ఆరుబయట ఇలా కొట్టడం వల్ల ఉపయోగం లేదని, మనుషులకూ హానేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ మేలోనే చెప్పింది. దుమ్ము, మట్టి తగిలితే ఆ మందు పస పోతుంది. మా దగ్గర దాని ఫలితం కళ్లారా చూశాం: ఉయ్యాల గొలుసులు తుప్పు పట్టాయి, అంచున వేసిన డ్యురాంటా మొక్కల ఆకులు మాడిపోయాయి. పిల్లలు ఊగడం మొదలుపెట్టేలోపు గొలుసులన్నీ మార్చాల్సి వచ్చింది.

అపోహ: మనుషులు లేకపోతే మొక్కలకు పండగే.

సగం నిజం. జనం అడ్డదారిగా తొక్కి తొక్కి బండలా చేసిన చోట్ల గరిక మళ్లీ మొలిచింది. అది చూసి నాకూ ముచ్చటేసింది. కానీ లాన్ అంటే అడవి కాదు. ఏప్రిల్, మే ఎండల్లో పాసు దొరికిన ఒక్క మాలి ఎన్నని తడుపుతాడు? బోరు మోటారు కాలిపోతే రిపేరుకు వచ్చే మనిషి లేడు. లాన్ ఎండిపోయింది, జూన్ వానలకు ఆ ఖాళీలో వయ్యారిభామ మోకాలెత్తు లేచింది. దాని పుప్పొడికి దగ్గు, తుమ్ములు వస్తే అప్పట్లో జనం ఎంత హడలిపోయేవాళ్లో మీకు గుర్తుండే ఉంటుంది.

అపోహ: జూలో జంతువులకు మన జబ్బు రాదు.

వస్తుంది. 2021 మేలో హైదరాబాద్ నెహ్రూ జూపార్కులో ఎనిమిది సింహాలకు కరోనా ఉందని ఇక్కడి పరిశోధన సంస్థ సీసీఎంబీ తేల్చింది. అవి కోలుకున్నాయి.

అపోహ: కరోనా వచ్చాక ప్రపంచమంతా పార్కుల మీద పడింది.

ఫోన్ల లొకేషన్ ఆధారంగా గూగుల్ వేసిన లెక్కల్లో డెన్మార్క్ లాంటి దేశాల్లో పార్కులకు వెళ్లేవాళ్ల గ్రాఫు గీత పైకి దూసుకెళ్లింది. మన దేశం గీత కిందికి పడింది. కారణం సింపుల్: అక్కడ పార్కులు తెరిచే ఉంచారు, ఇక్కడ తాళాలు వేశారు. ఇంకో తిరకాసు కూడా ఉంది. ఆ లెక్కలు పోల్చింది 2020 జనవరి 3 నుంచి ఫిబ్రవరి 6 దాకా ఉన్న రోజులతో. డెన్మార్క్‌లో అది ఎముకలు కొరికే చలికాలం, మనకు పార్కులో కూర్చోడానికి ఏడాదిలోకెల్లా మంచి కాలం. వాళ్ల వేసవిని వాళ్ల చలికాలంతో పోలిస్తే కరోనా లేకపోయినా గీత పైకే పోతుంది.

అపోహ: అంతా అయిపోయింది, మళ్లీ మామూలే.

కొన్ని మంచికే మారాయి. 2021 ఆగస్టు చివర్లో ట్యాంక్‌బండ్ మీద ఆదివారం సాయంత్రాలు బళ్లు ఆపి రోడ్డును జనానికి వదిలారు. పిల్లలు నడిరోడ్డు మీద పరుగెడుతుంటే చూడ్డానికి బాగుండేది. విశాఖ వాళ్లు దీన్ని చూసి నవ్వుకుని ఉంటారు. బీచ్ రోడ్డును పొద్దున పూట వాకర్లకు వదలడం వాళ్లకు పాత అలవాటే.

నన్ను ఇంకా గుచ్చేది వేరే ఉంది. తెరిచేటప్పుడు చాలాచోట్ల పెట్టిన టైమింగు పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు. మా పార్కులోనూ అంతే. అది ఆఫీసుకెళ్లే వాకర్ల టైము. అంతకుముందు పదకొండింటికి నాలుగిళ్లలో పని ముగించుకుని వచ్చి కానుగ చెట్టు కింద టిఫిన్ డబ్బా విప్పుకునే ఆడవాళ్లు ఆరేడుగురు ఉండేవాళ్లు. రాత్రి డ్యూటీ చేసిన సెక్యూరిటీ గార్డులు మధ్యాహ్నం ఆ బెంచీల మీదే కునుకు తీసేవాళ్లు. మధ్యాహ్నం గేటు మూసేసరికి వాళ్లంతా మాయమయ్యారు. ఫిర్యాదు చేయలేదు, ఎవరికి చేస్తారు? వాకర్లకు వాట్సాప్ గ్రూపు ఉంది, వీళ్లకు లేదు.

కరోనా భయం పోయింది. గేటు మీద టైమింగు బోర్డు మాత్రం అదే. మార్చమని కమిటీకి రెండుసార్లు రాసిచ్చాను. వచ్చే మీటింగులో చూద్దామన్నారు.