నొప్పి మాత్రలు: మెడికల్ షాపు కౌంటర్ లోపలి నుంచి కొన్ని అపోహలు - వాస్తవాలు

మా మెడికల్ షాపు మిర్చి యార్డుకు దగ్గర్లో ఉంటుంది. సీజన్‌లో పొద్దున్నే హమాలీలు వచ్చి "అన్నా, బస్తాలు మోయాలె, ఒక నొప్పి గోలీ ఇయ్యి" అంటారు. సాయంత్రం ఆఫీసు నుంచి ఇంటికెళ్తూ ఒక మేడం ఆగి "నడుం నొప్పికి ఏదైనా స్ట్రాంగ్‌ది ఇవ్వండి" అంటారు. మా అరల్లో మాత్రం ఉత్త "నొప్పి మాత్ర" ఏదీ లేదు. ఉన్నవి మూడు రకాలు. ఒకటి పారాసిటమాల్. రెండోది ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, మెఫెనమిక్ యాసిడ్ లాంటివి, వీటిని కలిపి ఎన్‌సెయిడ్స్ అంటాం. మూడోది ట్రమడాల్, మార్ఫిన్ లాంటి ఓపియాయిడ్లు, అంటే నల్లమందు తరహా మందులు. ఒకరికి అమృతంలా పనిచేసింది పక్కింటివాళ్ళను ఆసుపత్రిలో చేర్పించగలదు. స్ట్రిప్ తిప్పి, బ్రాండు పేరు కింద చిన్న అక్షరాల్లో రాసిన అసలు మందు పేరు చదివే అలవాటు ఉంటే, కింద రాసిన గొడవల్లో సగం రానే రావు.

అపోహ: పేర్లు వేరు కాబట్టి మందులు వేరు

ఎముకల డాక్టరు మోకాలి నొప్పికి జిరోడాల్-పి రాశారు. మధ్యలో జ్వరం వస్తే ఇంట్లో ఉన్న డోలో 650 వేసుకున్నారు. ముక్కు కారుతోందని జలుబు బిళ్ళ కూడా కొన్నారు. పేర్లు మూడు, రంగులు మూడు, లోపల మూడింటిలోనూ పారాసిటమాలే. లెక్క వేసి చూడండి. జిరోడాల్-పిలో 325 మిల్లీగ్రాములు, రోజుకు రెండు వేస్తే 650. డోలో నాలుగుసార్లు వేస్తే 2,600. జలుబు బిళ్ళల్లో చాలావాటిలో 500 ఉంటుంది, మూడు పూటలా వేస్తే 1,500. మొత్తం 4,750. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకే రోజుకు 4,000 దాటకూడదు. బాగా బక్కగా ఉన్నవాళ్ళకు, రోజూ మందు కొట్టేవాళ్ళకు, లివర్ జబ్బు ఉన్నవాళ్ళకు డాక్టర్లు ఇంకా తగ్గించి రాస్తారు.

మోతాదు మించితే మొదటి రోజు పెద్దగా ఏమీ తెలియదు. కాస్త వికారం, ఒకటి రెండు వాంతులు, అంతే. లివర్ దెబ్బతిన్న సంగతి ఒకటి రెండు రోజులు పోయాక బయటపడుతుంది. దీనికి ఎన్-ఎసిటైల్ సిస్టీన్ అనే విరుగుడు ఉంది, ఎనిమిది గంటల లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. కాబట్టి ఎక్కువ మింగారని తెలిస్తే "బాగానే ఉన్నాడుగా, పొద్దున చూద్దాం" అని ఆగకండి. ఖాళీ స్ట్రిప్పులు చేతిలో పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

అపోహ: డోలో లివర్‌కు ప్రమాదం, దానికంటే వేరే నొప్పి మాత్ర నయం

పైన రాసింది చదివి ఈ మాట అనుకుంటే మాత్రం పొరపాటు. మోతాదులో వాడినంత కాలం పారాసిటమాల్ అంత భద్రమైన నొప్పి మందు నా షాపులో ఇంకోటి లేదు. గర్భిణులకు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకు, అల్సర్ వచ్చినవాళ్ళకు డాక్టర్లు ముందు రాసేది దీన్నే. వాపు మీద దీని ప్రభావం తక్కువ, అది నిజం. "ఇది 650, అది 50, కాబట్టి ఇదే స్ట్రాంగ్" అనే లెక్క మాత్రం కుదరదు. ఒక మందు మిల్లీగ్రాములకూ ఇంకో మందు మిల్లీగ్రాములకూ పోలికే లేదు.

పిల్లల విషయంలో వయసు కాదు, బరువు ముఖ్యం. కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు ఒక డోసు, మళ్ళీ ఇవ్వడానికి కనీసం నాలుగు గంటలు ఆగాలి. పది కిలోల పాపకు 100 నుంచి 150 మిల్లీగ్రాములన్నమాట. ఇక్కడే తల్లులు తడబడతారు. ఒక సిరప్‌లో 5 మి.లీ.కు 120 ఉంటుంది, ఇంకో దాంట్లో అదే 5 మి.లీ.కు 250. మొదటిది ఒక చెంచా పోస్తే, రెండోది అర చెంచా చాలు. చుక్కల మందు ఇంకా చిక్కగా ఉంటుంది. "పోయినసారి ఇంతే పోశాం" అనేముందు సీసా మీది అంకె చూడండి. నిమెసులైడ్ అనే నొప్పి మందును పన్నెండేళ్ళ లోపు పిల్లలకు 2011లోనే మన దేశంలో నిషేధించారు. ఇంట్లో పాత స్ట్రిప్ మిగిలి ఉంటే విరిచి సగం ఇవ్వడం లాంటివి చేయకండి.

అపోహ: నొప్పి మాత్రలు వేడి చేస్తాయి, మజ్జిగ తాగితే సరి

దెబ్బ తగిలిన చోట శరీరం ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు తయారు చేస్తుంది. నొప్పికీ వాపుకీ చాలావరకు అవే కారణం. ఎన్‌సెయిడ్స్ ఆ తయారీని ఆపుతాయి. వాటిలో ఒకటైన ఆస్పిరిన్ ఇలా పనిచేస్తుందని 1971లో జాన్ వేన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త చూపించారు, 1982లో నోబెల్ అందుకున్నారు. చిక్కెక్కడంటే, కడుపు లోపలి పొరను యాసిడ్ నుంచి కాపాడేవీ, కిడ్నీలకు రక్తం సరిగా అందేలా చూసేవీ కూడా ఈ ప్రోస్టాగ్లాండిన్లే. మోకాలి కోసం వేసుకున్న మాత్ర కడుపులో కూడా వాటిని ఆపేస్తుంది.

మజ్జిగతో మంట కాసేపు తగ్గొచ్చు, పుండు ఆగదు. అసలు మంటే లేకుండా పుండు పడి రక్తం కారడం కూడా ఉంటుంది, ముఖ్యంగా పెద్ద వయసువాళ్ళలో. అందుకే నేను మంట ఉందా అని కాదు, విరేచనం ఏ రంగులో అవుతోందని అడుగుతాను. తారులా నల్లగా, జిగటగా, ఎప్పుడూ లేని వాసనతో అవుతుంటే మాత్ర ఆపేసి అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఐరన్ మాత్రలు వేసుకునేవాళ్ళకూ నల్లగా అవుతుంది కానీ ఆ జిగట, ఆ వాసన ఉండవు.

అపోహ: సూది వేయించుకుంటే కడుపుకు ఏమీ కాదు

ఇది చదువుకున్నవాళ్ళలో కూడా ఉంది. మాత్ర కడుపులోకి వెళ్తుంది కాబట్టి చెడు, సూది కండలోకి వెళ్తుంది కాబట్టి మంచిది అనుకుంటారు. ఎటునుంచి వెళ్ళినా మందు రక్తంలో కలుస్తుంది, ప్రోస్టాగ్లాండిన్ల తయారీ ఒంటి నిండా ఆగుతుంది. డైక్లోఫెనాక్ ఇంజెక్షన్‌తోనూ అల్సర్ వస్తుంది. పైగా వేసిన చోట చీము గడ్డ కట్టడం, పిరుదులో తప్పు చోట గుచ్చితే నరం దెబ్బతిని పాదం పైకి లేవకుండా వేలాడిపోవడం లాంటివి అదనం. వాంతులు అవుతున్నవాళ్ళకు, నోటితో తీసుకోలేనివాళ్ళకు సూది అవసరమే. నడిచి వచ్చి కుర్చీలో కూర్చుని "ఒక సూది వేసెయ్యండి" అనేవాళ్ళకు చాలాసార్లు అవసరం లేదు.

అపోహ: గ్యాస్ మాత్ర జత చేస్తే ఇక భయం లేదు

పాంటాప్రజోల్ లాంటివి కడుపును చాలావరకు కాపాడతాయి. టిఫిన్‌కు అరగంట ముందు వేసుకుంటే ఇంకా బాగా పనిచేస్తాయి. కానీ అవి కాపలా కాసేది కడుపు దగ్గరే, కిడ్నీ దగ్గర కాదు.

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేవాళ్ళు ఎవరంటే, టెల్మిసార్టాన్‌తో హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసిన బీపీ మాత్ర రోజూ వేసుకుంటూ, దాని మీద నెలల తరబడి ఎసిక్లోఫెనాక్ కూడా వాడే పెద్దవాళ్ళు. ఈ మూడూ మూడు వైపుల నుంచి కిడ్నీని నొక్కుతాయి. పైగా నొప్పి మాత్ర బీపీని పెంచుతుంది, కాళ్ళకు నీరు పట్టిస్తుంది. బీపీ పెరిగిందని ఇంకో బీపీ మాత్ర చేరుతుంది. అసలు కారణం నొప్పి మాత్ర అని ఎవరికీ తట్టదు, ఎందుకంటే బీపీ డాక్టరుకు దాని సంగతి ఎవరూ చెప్పరు. "అది మందు కాదుగా సార్, నొప్పులకి వేసుకునేది" అంటారు.

ఎండాకాలంలో నీళ్ళు సరిగా తాగకుండా, చెమటలు కారుస్తూ బస్తాలు మోసే హమాలీకి వయసు తక్కువైనా ఇదే ప్రమాదం. వాంతులు, విరేచనాలు అవుతున్నప్పుడూ అంతే. శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం పేరు ఎత్తి "అక్కడ కిడ్నీలు పోవడానికి నొప్పి మాత్రలే కారణమట కదా" అని అడుగుతుంటారు. అక్కడి జబ్బుకు అసలు కారణం ఇంకా తేలలేదు, ఒక్క మాత్రల మీదికి నెట్టడం సరికాదు. అయితే కారణం ఏదైనా, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపే రక్తపరీక్ష అంకె) పెరిగిన మనిషి ఎన్‌సెయిడ్స్‌ను డాక్టరు చెప్పకుండా ముట్టుకోకూడదు.

డైక్లోఫెనాక్ ఇచ్చిన పశువుల కళేబరాలు తిని మన దేశంలో రాబందులు కిడ్నీలు చెడి కుప్పలుగా చచ్చిపోయాయి. 2006లో పశువులకు ఆ మందును నిషేధించారు. అయినా మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలు పశువులకు వెళ్తున్నాయని, 2015లో ఇంజెక్షన్‌ను 3 మి.లీ. ఒక్క డోసుకే పరిమితం చేశారు. మనిషి రాబందు అంత సున్నితం కాదు, నిజమే. కానీ ఈ మందుకూ కిడ్నీకీ పడదన్న సంగతి మాత్రం ఒకటే.

గుండె సంగతి కూడా ఒక మాట. రోఫెకాక్సిబ్ అనే నొప్పి మందును గుండెపోట్ల ప్రమాదం వల్ల 2004లో ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నారు. డైక్లోఫెనాక్, ఎటోరికాక్సిబ్ కూడా గుండె జబ్బు ఉన్నవాళ్ళకు మంచివి కావు. స్టెంట్ వేయించుకుని ఆస్పిరిన్ 75 వాడేవాళ్ళు ఐబుప్రొఫెన్ అలవాటుగా వేసుకుంటే ఆ ఆస్పిరిన్ పని దెబ్బతినొచ్చు.

అపోహ: జ్వరం, ఒళ్ళు నొప్పులకు ఏ మాత్రయినా ఒకటే

వానాకాలంలో కాదు. డెంగీ అనుమానం ఉంటే పారాసిటమాల్ ఒక్కటే. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వద్దు, కండలోకి సూదులు అసలే వద్దు. రక్తస్రావం ప్రమాదం.

అపోహ: ఆ పొట్లం మాత్రలు మూడు రోజుల్లో తగ్గించాయి, ఆ డాక్టరు చేయి మంచిది

స్ట్రిప్ లేకుండా, పేరు లేకుండా, కాగితం పొట్లంలో నాలుగు రంగుల బిళ్ళలు. అందులో బుల్లి తెల్ల బిళ్ళ ఒకటి ఉంటే నాకు అనుమానమే. డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసోలోన్, వీటిలో ఏదో ఒక స్టెరాయిడ్ అయి ఉండొచ్చు. కీళ్ళ నొప్పుల పొడుల్లో, "పక్కా ఆయుర్వేదం" అని అమ్మే పేరులేని గుళికల్లో కూడా స్టెరాయిడ్లు కలిపి అమ్మినవి పట్టుబడ్డాయి. స్టెరాయిడ్ నొప్పినీ వాపునీ ఇట్టే తగ్గిస్తుంది, ఆకలి పెంచుతుంది, హుషారు తెస్తుంది. అందుకే పేరు వస్తుంది.

తరవాత కథ వేరు. మొహం గుండ్రంగా ఉబ్బుతుంది, "ఒళ్ళు చేశావే" అని చుట్టాలు సంతోషిస్తారు. షుగర్ పెరుగుతుంది, చర్మం పలచబడి చిన్న దెబ్బకే కమిలిపోతుంది, ఎముకలు గుల్లబారతాయి, కొందరికి తుంటి ఎముక రక్తం అందక చచ్చుబడి ఆపరేషన్ దాకా వెళ్తుంది. ఇది చదివి భయపడి రేపటి నుంచి ఒక్కసారిగా మానేయకండి. నెలల తరబడి వాడాక హఠాత్తుగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. పొట్లం పట్టుకుని ఎండీ డాక్టరు దగ్గరికి వెళ్ళండి, ఆయన మెల్లగా తగ్గిస్తారు. స్టెరాయిడ్ చెడ్డ మందు కాదు. పేరు చెప్పకుండా ఇవ్వడమే దుర్మార్గం.

అపోహ: నెలసరి నొప్పికి మాత్ర వేసుకుంటే తరవాత పిల్లలు పుట్టరు

ఈ మాట చెప్పి ఆడపిల్లలను నెలనెలా మెలికలు తిరిగేలా చేయడం నాకు కోపం తెప్పిస్తుంది. ఆ నొప్పి ప్రోస్టాగ్లాండిన్ల వల్లే వస్తుంది, కాబట్టి మెఫెనమిక్ యాసిడ్, ఐబుప్రొఫెన్ లాంటివి అక్కడ సరైన మందులు. నొప్పి ముదిరాక కాకుండా మొదలవగానే, ఏదైనా తిన్నాక, రెండు మూడు రోజులు వాడితే గర్భసంచికి ఏమీ కాదు. మెఫెనమిక్ యాసిడ్ వేసుకున్నాక ఒంటి మీద దద్దుర్లు, జ్వరం, గ్రంథుల వాపు వస్తే మాత్రం ఆపి డాక్టరుకు చూపించాలి. ఈ అరుదైన ఎలర్జీ గురించి 2023లో ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ హెచ్చరిక ఇచ్చింది. గర్భం వచ్చాక, ముఖ్యంగా అయిదో నెల దాటాక, ఎన్‌సెయిడ్స్ సొంతంగా వేసుకోకూడదు.

అపోహ: తలనొప్పి మాత్ర రోజూ వేసుకుంటేనే తల పనిచేస్తుంది

నెలకు పదిహేను రోజులు, రెండు మూడు మందులు కలిసిన మాత్రలైతే పది రోజులు, అలా మూడు నెలలకు పైగా వాడితే ఆ మాత్రలే తలనొప్పి తెప్పిస్తాయి. మాత్ర ప్రభావం దిగగానే నొప్పి, మళ్ళీ మాత్ర. వీళ్ళకు కావలసింది ఇంకో బ్రాండు కాదు, న్యూరాలజిస్టు.

అపోహ: పూత మందుల్లో చల్లదనం తప్ప ఏమీ లేదు

డైక్లోఫెనాక్ జెల్ మోకాలికి, చేతి వేళ్ళ కీళ్ళకు బాగానే పనిచేస్తుంది. మాత్రతో పోలిస్తే రక్తంలో చేరేది పదో వంతు కూడా ఉండదు. అరవై దాటినవాళ్ళు ముందు దీన్నే అడగడం మేలు.

అపోహ: మార్ఫిన్ రాశారంటే ఇక రోజులు లెక్కపెట్టుకోవడమే

క్యాన్సర్ రోగి ఇంటివాళ్ళు చీటీ చూసి ఏడ్చేస్తారు. మార్ఫిన్ రాసేది నొప్పి తీవ్రతను బట్టి, మిగిలిన ఆయుష్షును బట్టి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986 నుంచీ ఇదే చెబుతోంది. మామూలు మాత్ర అయితే నాలుగు గంటలకోసారి, నొప్పి కోసం ఎదురుచూడకుండా గడియారం చూసి ఇవ్వాలి. మొదట్లో మత్తు, వికారం ఉంటాయి, కొన్ని రోజుల్లో సర్దుకుంటాయి. మలబద్ధకం మాత్రం సర్దుకోదు, మొదటి రోజు నుంచే విరేచనం సాఫీగా అయ్యే మందు జత చేయాలి. డోసు సొంతంగా పెంచితే ఊపిరికే ప్రమాదం. 2014లో చట్టం మార్చాక ఇది దొరకడం కొంత తేలికైంది. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో నొప్పి నివారణకు ప్రత్యేక విభాగమే ఉంది.

మార్ఫిన్ పేరు వింటే వణికేవాళ్ళే ట్రమడాల్‌ను మామూలు నొప్పి మాత్రలా అడుగుతారు. అదీ ఓపియాయిడే, 2018 నుంచి మత్తుమందుల చట్టం కిందికి వచ్చింది. ఫిట్స్ ఉన్నవాళ్ళకు, డిప్రెషన్ మందులు వాడేవాళ్ళకు ప్రమాదం. వేసుకుని బండి నడపకూడదు. దీన్ని అమ్మినప్పుడు రోగి పేరు, డాక్టరు పేరు విడిగా రిజిస్టర్‌లో రాసి మూడేళ్ళు దాచాలి. చీటీ చూపించమని, పేరు చెప్పమని మేం అడిగేది అందుకే.