పాత గౌనుకు ముందేది, వెనకేది? అపోహలు – వాస్తవాలు

పాత గౌన్లు బాగుచేయడం నా పని. ఇక్కడ అమెరికాలో మన అమ్మాయిలు ఈమధ్య థ్రిఫ్ట్ షాపుల్లో, అంటే వాడిన వస్తువులు అమ్మే దుకాణాల్లో, 1940లు, 50ల నాటివి తెగ కొంటున్నారు. కొన్నాక ఫోటో పెట్టి అడిగేది ఒకటే: "అక్కా, దీన్ని ఎటునుంచి వేసుకోవాలి?" అందులో సిగ్గుపడాల్సిందేం లేదు. కట్టడం తెలియనివాళ్ల చేతికి చీర ఇస్తే వాళ్లకది ఉత్త గుడ్డే కదా. కాకపోతే అడిగేలోపే ఏదో ఒకటి కత్తిరించేసి ఉంటారు చూడండి, అక్కడే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

అపోహ: ఒంటికి తగిలించుకుని చూస్తే అదే తెలిసిపోతుంది

తెలియడం మాట అటుంచి, చిరిగిపోవచ్చు. 19వ శతాబ్దం చివర్లో, 20వ శతాబ్దం మొదట్లో పట్టుబట్ట బరువుగా జీరాడాలని దాన్ని తగరం లాంటి లోహాల లవణాల్లో నానబెట్టేవాళ్లు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ లవణాలే పోగుల్ని తినేస్తాయి. పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది, చెయ్యి దూర్చగానే నిలువునా చీలుతుంది. కుడదామంటే సూది గుచ్చినచోటల్లా మరో చీలిక.

అందుకని ముందు బల్లమీద తెల్లదుప్పటి పరిచి, గౌను దానిమీద పెట్టి, ఉన్న హుక్కులన్నీ విప్పి లోపల చూడండి. ఛాతీకి వేసిన డార్టులు (ఒంటి ఆకారం రావడానికి గుడ్డను కోణంగా మడిచి కుట్టినవి) ఏ ముక్కలో ఉంటే అదే ముందుభాగం. కాజా ఏ చివర సాగిందో చూస్తే బట్ట ఎటు లాగి బిగించేవారో తెలుస్తుంది. హుక్కు ఊడిపోయినా దాని చోట తుప్పు మచ్చో, దారం పోయిన చిల్లులో మిగులుతాయి. ఒక అంచు వెలిసి, దాని పక్కనే ఒక పట్టీ మేర రంగు కొత్తగా ఉందంటే ఆ పట్టీ ఎప్పుడూ ఇంకో ముక్క కింద దాక్కునేదన్నమాట. ఇవన్నీ చూశాక ఒంటిమీద పెట్టుకోవాల్సిన అవసరం చాలాసార్లు రాదు.

అపోహ: వెనకవైపు తెరుచుకుని ఉంటే అది గౌను కాదు, వంటింటి ఆప్రాన్

నా దగ్గరికి వచ్చే ప్రశ్నల్లో ఎక్కువ ఇదే. దీనికి మంచి ఉదాహరణ 1952లో బటరిక్ కంపెనీ అమ్మిన 6015 నంబరు ప్యాటర్న్ (ఇంట్లో కత్తిరించి కుట్టుకోవడానికి కాగితపు నమూనా), అదే "వాక్‌అవే డ్రెస్". పొద్దున టిఫిను అయ్యాక కుట్టడం మొదలుపెడితే మధ్యాహ్నం భోజనానికి అదే వేసుకుని వెళ్లిపోవచ్చని వాళ్ల ప్రచారం. ఇళ్లలో ఆడవాళ్లు కుట్టుకున్నవి కాబట్టి వీటికి లేబుల్ ఉండదు, పట్టుకుని వెతకడానికి పేరూ ఉండదు.

బల్లమీద పరిస్తే ఒక ముక్క సన్నగా, నిటారుగా ఉంటుంది. రెండోది బోలెడంత ఘేరుతో పెద్ద గొడుగంత పరుచుకుంటుంది. భుజాల దగ్గర తప్ప ఈ రెండూ ఎక్కడా కలవవు, పక్క కుట్లే లేవు. అంచులన్నిటికీ పైపింగ్. చూసినవాళ్లెవరైనా ఘేరున్న ముక్కే ముందుభాగం అనుకుంటారు. అది వెనకభాగం.

వేసుకునే వరస ఇదీ. తలమీంచి వేసుకోవాలి. సన్నముక్క ముందుకు వస్తుంది. దాని రెండు చివరలూ నడుము చుట్టూ వెనక్కి తీసుకెళ్లి వెనక బిగించాలి. అప్పుడు వెనక వేలాడుతున్న ఘేరు ముక్కను రెండు పక్కలనుంచీ ముందుకు తెచ్చి నడుము దగ్గర బొత్తాం పెట్టాలి. ముందునుంచి చూస్తే మధ్యలో సన్నటి నిలువు పలక, దానికి రెండువైపులా విశాలమైన స్కర్టు. వరస తారుమారై సన్నముక్క పైకి వచ్చిందంటే నిజంగానే ఆప్రాన్‌లా కనిపిస్తుంది. అపోహ పుట్టింది అక్కడే అనుకుంటాను.

సరిగ్గా వేసుకున్నా ఇందులో ఒక ఇబ్బంది ఉంది. వెనక గుడ్డ బరువెక్కువ కావడంతో గౌను వెనక్కి లాగి, ముందు మెడ గొంతుకు ఒత్తుకుంటుంది. "తిరగేసి వేసుకున్నానేమో" అని అనుమానపడకండి, ఆ కటింగే అంత. ఆ ప్యాటర్న్‌నే ఆ తర్వాత మళ్లీ అచ్చువేశారు, కొత్తగా కుట్టుకున్నవాళ్లదీ ఇదే ఫిర్యాదు.

అన్నట్టు, ఇలా చుట్టుకునే మిగతా గౌన్లలో చాలావాటికి పక్క కుట్టులో ఒక చిన్న కన్నం ఉంటుంది. దాన్ని చిరుగనుకుని నీట్‌గా కుట్టేసిన గౌన్లు నా చేతికి వచ్చాయి. ఒక వైపు నాడా అందులోంచి బయటికి రావాలి. కన్నం అంచులకు శుభ్రంగా కుట్టు తిప్పి ఉంటే అది చిరుగు కానే కాదు.

అపోహ: లోపల వేలాడే టేపులు పనికిరానివి, కత్తిరించెయ్యొచ్చు

దయచేసి కత్తెర పక్కన పెట్టండి. నడుము దగ్గర లోపల గట్టి రిబ్బను, దానికి విడిగా హుక్కు ఉంటే ముందు అది బిగించాకే జిప్పు లాగాలి. గౌను బరువంతా ఆ పట్టీ మోస్తుంది, జిప్పుమీద లాగుడు పడదు. భుజం కుట్టు లోపల చిన్న పట్టీ, చివర టిచ్ బటన్ ఉంటే లోదుస్తుల పట్టీ బయటికి జారకుండా పట్టి ఉంచడానికి. 1870లు, 80ల నాటి స్కర్టుల్లో వెనక లోపల జతలుజతలుగా ఉండే టేపుల్ని కాళ్ల వెనకగా ఒకదానికొకటి ముడివేసేవాళ్లు. అప్పుడే ముందుభాగం చదునుగా పరుచుకుని, గుడ్డంతా వెనక కుప్పగా నిలబడుతుంది. ఆ ముళ్లు లేకపోతే బస్టిల్ స్కర్టు కాస్తా ఆకారం చెడిన లంగా అవుతుంది. కుచ్చిళ్ల అంచు దగ్గర ఒంటరిగా ఒక ఉచ్చు కనిపిస్తే అది నేలమీద ఈడ్చుకుపోయే అంచును డ్యాన్సు వేళ ఎత్తి మణికట్టుకు తగిలించుకోవడానికి. వీటిలో హ్యాంగరుకు తగిలించే టేపులొక్కటే ఒంటితో పనిలేనివి. అవీ ఉంచండి, మెడ సాగకుండా కాపాడేవి అవే.

అపోహ: జిప్పు ఎడమ చంక కింద ఉందంటే ఎవరో తర్వాత మార్చి కుట్టారు

లేదు. 1930ల చివరినుంచి గౌన్లలో జిప్పులు మామూలయ్యాయి, 40లలో వాటి చోటు ఎడమ పక్క కుట్టే. అంతకుముందు అదే చోట హుక్కులూ టిచ్ బటన్లూ ఉండేవి. ఈ జిప్పు పైచివర కూడా మూసే ఉంటుంది. అంటే కాళ్లనుంచి ఎక్కించుకునే గౌను కాదిది, చేతులెత్తి తలమీంచి దించుకోవాలి. పాత ఇనుప జిప్పు మొరాయిస్తే కొవ్వొత్తి రాయండి, బలవంతంగా లాగకండి.

1910ల నాటివైతే ఇంకో మెలిక. అస్తరు మధ్యలో ఒక చోట హుక్కులతో మూసుకుంటుంది, పైబట్ట దాన్ని దాటి భుజం మీదో పక్కనో మూసుకుంటుంది. ముందు అస్తరు, తర్వాత పైబట్ట. అటుదిటు చేస్తే సగం హుక్కులకు జత దొరకదు.

అపోహ: ఆకారం లేదంటే సైజు పెద్దది, పక్కలు పట్టేస్తే సరి

అమెరికన్ డిజైనర్ క్లెయిర్ మెక్‌కార్డెల్ 1938లో చేసిన "మొనాస్టిక్" గౌను భుజాలనుంచి డేరాలా వేలాడేదే. నడుముకు బెల్టు కడితేనే దానికి రూపం. బెల్టు పోయి గౌను మాత్రం మిగిలితే చూసేవాళ్లకు అది మెటర్నిటీ గౌను! నడుము దగ్గర దారపు ఉచ్చులో, అడ్డంగా మడత గీతలో ఉన్నాయేమో వెతకండి. ఉంటే పోయింది బెల్టన్నమాట.

వెనిస్‌లో డిజైనర్ మరియానో ఫార్చూనీ పేరుతో వచ్చిన "డెల్ఫోస్" అయితే పూర్తిగా మరో లోకం. దానికి 1909లో పారిస్‌లో పేటెంటు తీసుకున్నాడాయన. ఆ గౌను రూపొందించింది హెన్రియెట్ (తర్వాత ఆయన భార్య అయింది) అని పేటెంటు కాగితం మీద స్వయంగా రాసుకున్నాడు కూడా. సన్నసన్న మడతల పట్టు, పక్క కుట్ల వెంబడి మురానో గాజుపూసలు. ఆ పూసలు అలంకారమనుకుంటారు, నిజానికి తేలికపాటి పట్టును కిందికి లాగి ఒంటికి అంటేలా చేసే బరువు కూడా అవే. పొడవు ఎక్కువైందని అంచు మడిచి కుట్టకండి, పాదాల చుట్టూ నేలమీద పరుచుకోవాలనే అంత పొడవు పెట్టారు. ఇస్త్రీ పెట్టె తగిలిందా, ఆ మడతలు మళ్లీ రావు. దీన్ని మెలితిప్పి చుట్టలా చేసి గుండ్రటి పెట్టెలో దాచేవాళ్లు. పెట్టెలో చుట్టగా దొరికితే ఎవరో నలిపి పడేశారనుకోవద్దు, అలాగే ఉంచండి.

అపోహ: లేబుల్‌మీద 14 అని ఉంది కాబట్టి నాకు వదులవుతుంది

అప్పటి 14 ఇప్పటి 14 కాదు, బాగా చిన్నది. అంకె వదిలేసి టేపు పెట్టి కొలవండి. పైగా 50ల గౌన్లు నడుమును నొక్కిపట్టే లోదుస్తుల మీద వేసుకోవడానికి కుట్టినవి. కొలతలో నడుము ఒక అంగుళం తక్కువొస్తే గౌను తప్పు కాదు, మీ తప్పూ కాదు. లోపల కుట్టు మార్జిన్ ఎంత వదిలారో చూసి, ఉంటే విప్పించుకోండి. లేకపోతే మాత్రం ఊపిరి బిగబట్టి జిప్పు లాగొద్దు.