ఇల్లు అమ్మే ముందు ఏం చేయించాలి, ఏం అక్కర్లేదు: అపోహలు - వాస్తవాలు

ఇళ్ల అమ్మకాలు కుదర్చడం నా వృత్తి. అమ్మేవాళ్లు నన్ను ముందుగా అడిగేది ఒకటే: "ఇంకా ఏం చేయిస్తే ఎక్కువ రేటు వస్తుంది?" నేనైతే ముందు వేరే ప్రశ్న వేసుకోమంటాను. చూడ్డానికి వచ్చినవాళ్లు ఏం చూసి రేటు తగ్గించమంటారు? ఇంటికి కొత్తగా ఏదో తగిలించి సంపాదించేదానికన్నా, బేరంలో కోతకు కారణమయ్యేవాటిని ముందే సరిచేసి నిలుపుకునేదే ఎక్కువ. ఇది తెలియక అక్కర్లేని చోట డబ్బు పోసి, అసలైన చోట వదిలేసేవాళ్లను చూస్తే బాధేస్తుంది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: రంగులు వేయించేస్తే చాలు, ఇల్లు కొత్తదైపోతుంది.

వాస్తవం: రంగు మంచి పనే, కానీ అది ఆఖరున చేయాల్సిన పని. చెమ్మ ఉన్న గోడ మీద ఏ రంగూ నిలవదు. గోడ అడుగున తెల్లటి పొడి కనిపిస్తోందంటే, లోపలి నీరు లవణాలను మోసుకొచ్చి, తాను ఆవిరైపోయి వాటిని పైన వదిలేసిందన్నమాట. ఆ పొడిని పొడి బ్రష్‌తోనే రుద్ది తీయాలి. తడిగుడ్డ పెడితే ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే ఇంకుతుంది. సీలింగ్ మీద గోధుమరంగు వలయంలా ఉండే నీటి మరక ఇంకా మొండిది. దాని మీద నేరుగా ఎమల్షన్, అంటే నీళ్లు కలిపి వేసే గోడ రంగు వేస్తే, ఆ రంగులోని తడికే మరక కరిగి పైకి తేలుతుంది. రెండో కోటు వేసినా అంతే.

చేయాల్సిన వరస ఇది: నీరు ఎక్కణ్నుంచి వస్తోందో పట్టుకోవాలి, దాన్ని ఆపాలి, గోడను పూర్తిగా ఆరనివ్వాలి, మరకను బయటికి రానివ్వని ప్రైమర్ వేయాలి, ఆ తర్వాతే రంగు. ఆరడానికే వారాలు పట్టొచ్చు. కాబట్టి అమ్మాలని అనుకోగానే మొదలుపెట్టాల్సిన పని ఇదే.

గది మొత్తంలో ఒక్క గోడే కొత్త రంగుతో మెరుస్తుంటే, నాలుగిళ్లు తిరిగొచ్చిన కొనుగోలుదారు నేరుగా అక్కడికే వెళ్తాడు. అరచేయి ఆనించి చూస్తాడు. పక్క గోడ కంటే చల్లగా తగిలితే ఏమీ అనడు గానీ, ఇక ఆ ఇంట్లో ఏం చూసినా అనుమానంగానే చూస్తాడు.

అపోహ: లోపం కనపడకుండా చేస్తే బయటపడదు.

వాస్తవం: బయటపడుతుంది, అదీ మీకు బొత్తిగా అనుకూలం కాని సమయంలో. అడ్వాన్సు ఇచ్చే ముందు ఇంజనీరును తెచ్చుకునేవాళ్లు ఉంటారు. బీరువా జరిపి చూసేవాళ్లు, సింకు కింద టార్చి వేసి చూసేవాళ్లు ఉంటారు. మాట కుదిరాక దాచిన లోపం ఒకటి దొరికితే, ఇంకెన్ని దాచారోనన్న లెక్క మొదలవుతుంది. అప్పుడు అడిగే తగ్గింపు ఆ మరమ్మతు ఖర్చుతో ఆగదు.

పగుళ్ల విషయంలో భయపడాల్సినవి వేరు, వదిలేయగలిగినవి వేరు. ఒక మిల్లీమీటరు లోపు వెంట్రుకవాసి పగుళ్లు చాలావరకు ప్లాస్టరు ఆరి బిగుసుకోవడం వల్ల వచ్చినవే, నింపి రంగు వేయొచ్చు. అయిదు మిల్లీమీటర్లు దాటినా, కిటికీ మూల నుంచి ఏటవాలుగా పాకుతూ రోజురోజుకీ వెడల్పవుతున్నా పుట్టీ జోలికి పోకండి, స్ట్రక్చరల్ ఇంజనీరుకు చూపించండి. ఆయన రాసిచ్చిన నివేదిక, చేయించిన పనికి రసీదు చేతిలో ఉంటే ఆ లోపం గురించి మీరే ముందు చెప్పేయొచ్చు. నేను ఎప్పుడూ అలాగే చెప్పమంటాను.

అపోహ: ఖరీదైన వంటగది పెట్టిస్తే పెట్టిందంతా తిరిగొస్తుంది.

వాస్తవం: సాధారణంగా రాదు. ఏ మార్పుకు అమ్మకంలో ఎంత తిరిగొస్తుందో అమెరికాలో ఏటా ఒక నివేదిక లెక్కగడుతుంది. 2024 లెక్కల్లో వంటగదిని ఖరీదైన సామగ్రితో పూర్తిగా మారిస్తే తిరిగొచ్చేది ఖర్చులో 38 శాతమే. అల్మరాల తలుపులు, వంటగట్టు పైపలక, కుళాయిల వంటివి మార్చి సరిపెట్టిన చిన్న పనికి మాత్రం దాదాపు 96 శాతం. అంకెలు అక్కడివే కావచ్చు, కారణం ఎక్కడైనా ఒకటే. మీ అభిరుచికి అవతలివాళ్లు డబ్బు కట్టరు. వాళ్లకు నచ్చకపోతే పీకేయాల్సిన ఖర్చు కూడా లెక్కేసుకుంటారు.

కారే కుళాయి, పడని గడియ, కీచుమనే తలుపు, టైల్స్ సందుల్లో నింపిన, ఇప్పుడు నల్లబడ్డ గ్రౌట్, పగిలిన స్విచ్చు పలక. ముందు వీటి మీద పెట్టండి. ఇంత చిన్న పని కూడా చేయించుకోలేదంటే, కనపడని పైపులూ వైరింగూ ఎలా ఉన్నాయోనన్న అనుమానం వీటి దగ్గరే పుడుతుంది.

అపోహ: రూమ్ ఫ్రెషనర్ కొడితే వాసన పోతుంది.

వాస్తవం: ఘాటైన సువాసన తగలగానే వచ్చినవాళ్లకు కలిగే మొదటి ఆలోచన, దేన్ని కప్పిపుచ్చుతున్నారని. ముక్కిపోయిన వాసన వస్తే బూజు ఎక్కడుందో వెతకాలి. అల్మరా వెనకా, కిటికీ చట్రం మూలల్లోనూ చూడండి. కొంతకాలంగా ఎవరూ ఉండని ఇంట్లో మురుగు వాసన వస్తుంటే కారణం చాలాసార్లు చిన్నదే. నేల మీది జాలీ కింద ట్రాప్‌లో, అంటే మురుగు గాలిని ఆపడానికి నీరు నిలిచే వంపులో, ఉండాల్సిన నీరు ఆవిరైపోయి, మురుగు గొట్టంలోని గాలి పైకి వస్తుంది. ప్రతి జాలీలోనూ ఒక చెంబెడు నీళ్లు పోయండి, వారానికోసారి మళ్లీ పోస్తుండండి.

అపోహ: అద్దెకు ఫర్నిచర్ తెచ్చి అలంకరిస్తే రేటు పెరుగుతుంది.

వాస్తవం: ఇది మా వృత్తిలోవాళ్లే ఎక్కువగా నమ్మే అపోహ. 2015లో వెలువడిన ఒక పరిశోధనలో ఒకే ఇంటిని వీడియోల్లో రకరకాలుగా చూపించారు. గోడలు ఒకసారి లేత రంగులో, మరోసారి ఊదా రంగులో. గదులు ఖాళీగా, మంచి ఫర్నిచర్‌తో, చూడబుద్ధికాని ఫర్నిచర్‌తో. చూసినవాళ్లకు ఇల్లు నచ్చడంలో తేడా వచ్చింది గానీ, ఇస్తామన్న ధరలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అలంకరణ వల్ల ఎక్కువమంది ఆగి చూడొచ్చు, ఫోటోలు బాగా రావొచ్చు. అంతకుమించి ఆశ పెట్టుకుని అద్దెలు కట్టొద్దు. ఉన్న సామాన్లలో సగం తీసేసి, అల్మరాలు సగం ఖాళీ చేసి, ఒక గదిలో అన్ని బల్బులూ ఒకే తెలుపులో ఉండేలా మార్చండి.

ఫోటోల గురించి ఒక్క మాట. ఫోన్‌లో అల్ట్రావైడ్ లెన్స్‌తో తీస్తే గది హాలంత కనిపిస్తుంది. అది చూసి వచ్చినవాళ్లు గుమ్మంలోనే నిరుత్సాహపడతారు. మామూలు లెన్స్‌తో, ఛాతీ ఎత్తున నిటారుగా పట్టుకుని, పగటి వెలుతురులో తీయండి.

అపోహ: ముందు ఎక్కువ చెబితే తర్వాత తగ్గించుకోవచ్చు.

వాస్తవం: ఇందులో సగం నిజం ఉంది. 1987లో నార్త్‌క్రాఫ్ట్, నీల్ అనే పరిశోధకులు ఒకే ఇంటిని ఏజెంట్లకు చూపించి, యజమాని అడుగుతున్న రేటు మాత్రం ఒక్కో బృందానికి ఒక్కోలా చెప్పారు. ఎక్కువ రేటు విన్నవాళ్లు ఇంటి విలువ కూడా ఎక్కువే కట్టారు. వృత్తిలో ఉన్నవాళ్ల మీదే మొదటి అంకె అంత పనిచేసింది. అయితే వాళ్లంతా ఆ ఇంటికి వచ్చి చూసినవాళ్లు. రేటు విని అసలు రానివాళ్ల మీద ఏ అంకే పనిచేయదు. పైగా ఇప్పుడు ఇళ్లు వెతికేవాళ్లు వెబ్‌సైట్లలో తమ బడ్జెట్ గీత పెట్టుకుని వెతుకుతారు. ఆ గీతకు మీ రేటు కొంచెం పైన ఉన్నా, బేరమాడి కొనగలిగిన మనిషికి మీ ఇల్లు కనపడను కూడా కనపడదు. ఎక్కువమంది చూసేది ప్రకటన కొత్తగా ఉన్న మొదటి రోజుల్లోనే. ఆ తర్వాత తగ్గిస్తే, ఇన్నాళ్లూ ఎందుకు అమ్ముడుపోలేదని అడుగుతారు. చుట్టుపక్కల ఈమధ్యే నిజంగా రిజిస్టరైన ధరలు తెచ్చుకుని, వాటికి దగ్గరగా, ఆ గీతల్లో ఒకదానికి లోపలగా మీ అంకె పెట్టండి.