వెనక్కి తిరగడం చేతకాకపోతే సాహసం చేయొద్దు: కొన్ని అపోహలు - వాస్తవాలు

కొండలెక్కించడం నా పని. ప్రతి బ్యాచ్‌లోనూ ఇవే మాటలు వింటుంటాను కాబట్టి అన్నీ ఒకచోట రాసేస్తున్నా.

అపోహ: రోజూ జిమ్‌కి వెళ్లేవాళ్లని ఎత్తు ఏమీ చేయదు.

వాస్తవం: చేస్తుంది. నిజం చెప్పాలంటే నాకు ఎక్కువ టెన్షన్ వాళ్లతోనే. సుమారు 2,500 మీటర్లు దాటాక గాలి ఒత్తిడి తగ్గి ఒక్కో శ్వాసకి అందే ఆక్సిజన్ తగ్గుతుంది, దానికి అలవాటు పడటానికి శరీరానికి రోజులు పడుతుంది, ఆ రోజుల్ని కండబలంతో తగ్గించలేం. ఫిట్‌గా ఉన్నవాళ్లు గబగబా ఎక్కేస్తారు, తలనొప్పి మొదలైనా పరువు కోసం బయటికి చెప్పరు. 3,000 మీటర్ల పైన పడుకునే ఎత్తుని రోజుకి 500 మీటర్లకు మించి పెంచకూడదు, మూడు నాలుగు రోజులకోసారి ఉన్నచోటే ఆగాలి. తలనొప్పితో పాటు వాంతులుంటే ఇంక పైకి వద్దు. నడక తూలుతున్నా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, అర్ధరాత్రయినా సరే కిందికి దింపాల్సిందే.

అపోహ: ధైర్యవంతులకి భయం ఉండదు.

వాస్తవం: ఉంటుంది. భయమే లేదనేవాళ్లతో ఒకే తాడు కట్టుకోవడం నాకు భయం.

అపోహ: అన్నీ ముందే ప్లాన్ చేసుకుంటే ఇంక సాహసం ఏముంది?

వాస్తవం: 1911 డిసెంబర్ 14న అందరికంటే ముందు దక్షిణ ధ్రువం చేరిన అముండ్‌సెన్ బృందం, ముందే దారిలో తిండి నిల్వలు దాచి, ఆ తెల్లటి మంచులో అవి దొరక్కుండా పోతాయేమోనని ఒక్కో నిల్వకి రెండు వైపులా, దారికి అడ్డంగా, వరసగా జెండాలు పాతింది. కాస్త దారి తప్పినా ఏదో ఒకటి కంటబడాలని! చాదస్తం అనుకుంటారా, అనుకోండి. తిరిగొచ్చారుగా.

అపోహ: ఊళ్లు తిరిగితే చాలు, మనిషి మారిపోతాడు.

వాస్తవం: గ్యారంటీ ఏమీ లేదు. ఎదుటివాళ్ల మాట విని మన ప్లాన్ మార్చుకున్నప్పుడే ఏదైనా తలకెక్కుతుంది.

అపోహ: శిఖరం చేరకుండా వచ్చేస్తే ఓడిపోయినట్టే.

వాస్తవం: గొడవంతా దీని దగ్గరే. 1909 జనవరిలో బ్రిటిష్ అన్వేషకుడు షాకిల్టన్, మరో ముగ్గురు దక్షిణ ధ్రువానికి సుమారు 180 కిలోమీటర్ల దూరం దాకా వెళ్లారు, అప్పటికి అంత దక్షిణానికి వెళ్లినవాళ్లే లేరు. ఇంకా ముందుకెళితే తిరిగి రావడానికి తిండి చాలదు. వెనుదిరిగారు, నలుగురూ బతికారు. మావాళ్లేమో "ఇంత డబ్బు కట్టాం, ఇంకో గంటేగా" అంటారు. ఆ గంట ఎక్కడానికి, మరి దిగడానికి? అలసిన కాళ్లతో, వెలుతురు పోతుంటే దిగాలి. అందుకే వెనుదిరిగే టైమ్ బయల్దేరకముందే, బుర్ర సరిగ్గా పనిచేస్తున్నప్పుడే చెప్పేస్తాం. రెండంటే రెండే. మీరు ఎవరితో ట్రెక్ బుక్ చేసుకున్నా ముందు ఆ టైమ్ ఎంతో అడగండి, నీళ్లు నమిలితే వేరేవాళ్లని చూసుకోండి.