భూః, భం: ఒక్క అక్షరంలో దాగిన పాత తగవు

గ్రహణం వచ్చిన ప్రతిసారీ, అది భూమి నీడా, రాహువు మింగడమా అన్న అదే చర్చ మొదలవుతుంది. 2025 సెప్టెంబరు 7 రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం పట్టింది. తిరుమలలో ఆ మధ్యాహ్నమే ఆలయం తలుపులు మూశారు. రాహుకేతు క్షేత్రమైన శ్రీకాళహస్తిలో ఎప్పటిలాగే తెరిచి ఉంచారు. పట్టు స్నానం, విడుపు స్నానం చేసేవారు పంచాంగంలో నిమిషాలు చూసుకున్నారు. ఆ నిమిషాలను లెక్కగట్టింది భూమి నీడను బట్టి. రాహువు మింగాడన్న కథలోంచి స్పర్శకాలాన్నీ మోక్షకాలాన్నీ ఎవరూ రాబట్టలేరు. నీడ లెక్కా రాహువు కథా ఒకే పంచాంగంలో ఎలా ఇమిడాయో తెలియాలంటే దాదాపు పదిహేను వందల ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

ఖగోళశాస్త్రానికీ మతానికీ మన దేశంలో ఎన్నడూ పేచీ రాలేదని చాలామంది గర్వంగా చెబుతారు. రోమ్‌లో 1633 జూన్ 22న గెలీలియో మోకాళ్ల మీద కూర్చుని, భూమి తిరుగుతుందన్న మాటను వదులుకుంటున్నానని చదవవలసి వచ్చింది. 1642లో కన్నుమూసేదాకా ఆయనది నిర్బంధ జీవితమే. ఇక్కడ అదే మాట అన్న ఆర్యభటుణ్ణి అలా విచారణకు నిలబెట్టినట్టు ఎక్కడా దాఖలా లేదు. అంతమాత్రాన పేచీయే లేదనడం చరిత్రకు అన్యాయం. ఇక్కడ అది వ్యాఖ్యానాలలో జరిగింది.

క్రీ.శ. 499 నాటికి తనకు 23 ఏళ్లని ఆర్యభటుడే చెప్పుకున్నాడు. గ్రహణం గురించి ఆర్యభటీయంలో ఆయన మాట సూటిగా ఉంటుంది: "ఛాదయతి శశీ సూర్యం, శశినం మహతీ చ భూచ్ఛాయా". సూర్యుణ్ణి చంద్రుడు కప్పుతాడు, చంద్రుణ్ణి పెద్దదైన భూమి నీడ కప్పుతుంది. రాహువు ప్రసక్తే లేదు. ఇంకో అడుగు ముందుకేసి భూమి తన చుట్టూ తాను తిరుగుతుందన్నాడు. పడవలో ముందుకు సాగే మనిషికి ఒడ్డున కదలని వస్తువులు వెనక్కి పోతున్నట్టు కనిపిస్తాయి కదా, నిశ్చలమైన నక్షత్రాలు పడమటికి పోతున్నట్టు తోచేది కూడా అలాగే అన్నాడు. ఒక మహాయుగంలో, అంటే 43,20,000 ఏళ్లలో, భూమి 158,22,37,500 సార్లు తిరుగుతుందని సంఖ్య కూడా ఇచ్చాడు. భాగించి చూస్తే ఒక్క భ్రమణానికి 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లు వస్తుంది. నేటి కొలతకూ దానికీ తేడా సెకనులో చిన్న భాగం.

628లో భిల్లమాలకు (నేటి రాజస్థాన్‌లోని భిన్‌మాల్) చెందిన బ్రహ్మగుప్తుడు, తన ముప్పయ్యవ ఏట, బ్రహ్మస్ఫుటసిద్ధాంతంలో దీని మీద విరుచుకుపడ్డాడు. ఆయన సామాన్యుడు కాడు. సున్నాతో లెక్కలకు నియమాలు ఏర్పరచిన మహాగణితజ్ఞుడు. ఆయన అభ్యంతరాలలో కొన్ని భౌతికమైనవే. భూమి తిరిగితే ఎత్తైనవన్నీ ఎందుకు కూలిపోవు అని అడిగాడు. అది న్యాయమైన ప్రశ్నే, ఆ కాలానికి జవాబు కష్టం. మిగతా అభ్యంతరాలు వేరే రకం. ఆర్యభటుడు యుగాలు నాలుగింటినీ 10,80,000 ఏళ్ల చొప్పున సమానంగా పంచాడు. స్మృతులు అలా చెప్పలేదు కనుక తప్పన్నాడు. గ్రహణానికి రాహువు కారణం కాదన్న ఆర్యభట, వరాహమిహిరాదుల మాట లోకవిరుద్ధమని, వేదస్మృతి సంహితలకు వెలుపలిదని తీర్పు చెప్పాడు. అలా చెప్పిన మనిషే గ్రహణాన్ని భూమి నీడతోనే లెక్కగట్టాడు. రెండింటినీ కలపడానికి ఒక దారి వెతికాడు: బ్రహ్మ వరం వల్ల రాహువు ఆ నీడలోకి ప్రవేశిస్తాడట. ఆ రాజీయే మన పంచాంగాల దాకా వచ్చింది.

ఈ పుటలు చదివి 1030 ప్రాంతంలో అల్ బిరూనీ బాధపడ్డాడు. ఇంత తెలివైనవాడు మనస్సాక్షికి విరుద్ధంగా ఎందుకు రాశాడని ప్రశ్నించుకుని, సోక్రటీస్‌కు పట్టిన గతి లాంటిదేదో ఆయన్నీ వెంటాడి ఉంటుందని ఊహించాడు. అది ఊహే. కానీ ఒక పరదేశి పండితుడికి ఆ వాక్యాల వెనుక భయం వినిపించిందన్న సంగతిని నేను తేలిగ్గా తీసుకోలేను.

నన్ను ఎక్కువగా కలచివేసేది ఆ తరువాత జరిగింది. ఆర్యభటుడి శ్లోకంలో "ప్రాణేనైతి కలాం భూః" అని ఉంది. ఒక ప్రాణకాలంలో, అంటే నాలుగు సెకన్లలో, భూమి ఒక కల, అంటే డిగ్రీలో అరవయ్యో వంతు, మేర తిరుగుతుందని అర్థం. తరువాతి పాఠాలలో "భూః" కాస్తా "భం" అయింది. "భం" అంటే నక్షత్రమండలం. ఛందస్సు చెడలేదు, అంకె మారలేదు, భూమి మాత్రం నిలిచిపోయింది. శ్లోకాన్ని దిద్దినవారు ఆర్యభటుడి శత్రువులు కారు, ఆయన్ను గురువుగా భావించిన పరంపరలోనివారే. పడవ శ్లోకానికి కూడా భూభ్రమణం కానక్కరలేని అర్థాలు చెప్పారు. కేరళకు చెందిన పరమేశ్వరుడనే ఖగోళ పండితుడు యాభై ఏళ్లకు పైగా గ్రహణాలను స్వయంగా పరిశీలించినవాడు, 1431లో దృగ్గణితం అనే గ్రంథం రచించినవాడు. ఆయన వ్యాఖ్యానం కూడా "పరమార్థతస్తు స్థిరైవ భూమిః" అంటుంది. నిజానికి భూమి స్థిరమే, అని.

అందరూ అలా తలవంచలేదు. తొమ్మిదో శతాబ్దంలో పృథూదకస్వామి బ్రహ్మగుప్తుడి గ్రంథానికే వ్యాఖ్య రాస్తూ, ఈ విషయంలో ఆర్యభటుడి పక్షం వహించాడు. కేరళకే చెందిన నీలకంఠ సోమయాజి పదహారో శతాబ్దారంభంలో జ్యోతిర్మీమాంస రాశాడు. బ్రహ్మ అనుగ్రహంతో వచ్చిన శాస్త్రాన్ని మళ్లీ పరీక్షించడమేమిటన్నవారికి అందులో జవాబు ఉంది: దేవతానుగ్రహం బుద్ధిని నిర్మలం చేస్తుంది, అంతేగాని బ్రహ్మో సూర్యుడో స్వయంగా వచ్చి లెక్కలు నేర్పరు. సోమయాజి అన్న పేరే చెబుతుంది, ఆయన సోమయాగం చేసిన వైదికుడు.

ఆర్యభటుడు రాసింది "భూః" అనే అని నేటి పండితులు అంగీకరిస్తున్నారు. దానికి బలమైన సాక్ష్యం బ్రహ్మగుప్తుడి దగ్గరే దొరికింది. ఖండించడానికి ముందు ప్రత్యర్థి మాటను ఆయన ఉన్నదున్నట్టు ఎత్తి రాశాడు: "ప్రాణేనైతి కలాం భూర్యది తర్హి కుతో వ్రజేత్ కమధ్వానమ్". భూమి ప్రాణకాలంలో ఒక కల కదిలితే ఎక్కడినుంచి, ఏ దారిన పోతుంది అని ఆయన ప్రశ్న. ఆ ప్రశ్నలో భూమి ఇంకా తిరుగుతూనే ఉంది.